చావు కబురు మోసినవాళ్లు

ఊళ్లో ఏ పెద్ద ఇంట్లో మనిషి పోయినా ముందు పిలుపు మా ముత్తాతకే వచ్చేది. మెదక్ వైపు ఒక పల్లెలో బేగరి కుటుంబం మాది. దొర ఇంట్లో ముసలామె కన్నుమూస్తే, ఆమె కూతుళ్లను ఇచ్చిన ఊళ్లన్నింటికీ కాలినడకన పోయి చావు కబురు చెప్పాలి. ఎండా వానా చూసేది లేదు, రాత్రి అని ఆగేది లేదు. పోయిన చోట వాకిలి బయటే నిలబడి చెప్పాలి, అక్కడినుంచే తిరిగి రావాలి. వచ్చాక గుంత తవ్వాలి, లేదంటే కట్టెలు మోయాలి. దానికి కూలి లేదు. కళ్లం దగ్గర ఇన్ని గింజలు, శవం మీద కప్పిన బట్ట, అంతే. అదే చావుకు మాదిగవాడ నుంచి డప్పు రావాలి. నిజాం రాజ్యంలో దీన్ని వెట్టి అన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం నాటికి కూడా చాలా ఊళ్లలో ఇది నడుస్తూనే ఉంది.

మరి బేగరి ఇంట్లోనే చావు జరిగితే? మా నాయనమ్మ ఈ మాట అడిగి, జవాబు కూడా తనే చెప్పేది. "మన చావుకు కబురు మోసేటోడు లేడు బిడ్డా. ఏడ్చుకుంట మనమే పోవాలె. ఆ పొద్దు దొర పిలిస్తే శవాన్ని ఇంట్లో పెట్టి పోవాలె."

నేను పుట్టి పెరిగింది షోలాపూర్‌లో. మా అమ్మ బీడీలు చుట్టింది, నాయన సాంచెలు (పవర్‌లూమ్ మగ్గాలు) నడిపాడు, నేను మరాఠీ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది నీలం నగర్‌లో. మా సందులో అటూ ఇటూ పద్మశాలీల ఇళ్లే, మాలాంటి క్రైస్తవ కుటుంబాలు చాలా తక్కువ. ఎవరింట్లో చావు జరిగినా పాట ఎత్తడానికి నన్ను పిలుస్తారు కాబట్టి, మా చావు ఆచారం గురించి రాయమని పిల్లలు అడిగారు. అడిగినవాళ్లంతా మిషనరీల దగ్గర మొదలుపెడతాననుకున్నారు. నాకు అక్కడ మొదలుపెట్టడం కుదరలేదు. తెలుగు క్రైస్తవుల చావు చరిత్ర, నా లెక్కన, ఇతరుల చావులు మోసి మోసి తమ చావుకు దిక్కులేకుండా పోయినవాళ్ల వాకిట్లో మొదలవుతుంది.

తెలుగునేల మీద పాత క్రైస్తవ సమాధులు చూడాలంటే మచిలీపట్నం బందరుకోటకో భీమిలికో పోవాలి. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్ల రాళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు లోతుగా చెక్కించుకున్నారు. అయితే చోటు దొరకడం అన్నది దొరలకు కూడా అన్నిసార్లూ తేలిక కాలేదు. 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతికి ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో చోటివ్వలేదని, ఆమెను ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్ వేరే స్థలంలో సమాధి చేసి దానిమీద గుడి కట్టించాడని బందరువాళ్లు చెప్పుకుంటారు. ఆ సెయింట్ మేరీ చర్చి ఇప్పటికీ ఉంది. విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషను పాస్టర్లు క్రాన్, దెగ్రాంజ్ ఇద్దరూ తెలుగులో సువార్తలు అనువదిస్తూనే ఒకరు 1809లో, ఒకరు 1810లో పోయారు. బైబిలు తెలుగులోకి రావడం కోసం ప్రాణం పెట్టినవాళ్లని వాళ్ల మీద నాకు గౌరవం. కానీ ఆ సమాధుల నుంచి మా ఆచారం రాలేదు.

మా ఆచారానికి గొంతు ఇచ్చినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా బతికాడు. ఊరూరా తిరిగి బోధించాడు, కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఆ కీర్తనల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు అతికించిన పాటలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి, కానీ చావింట్లో రాత్రి రెండింటికి జనం నోటికి వచ్చేవి అవి కావు. భజన పద్ధతిలో ఒకరు ఎత్తితే పదిమంది అందుకోగలిగినవే వస్తాయి. చదువు రానివాళ్లకు ఆ పద్ధతే పుస్తకం. మా నాయనమ్మకు అక్షరం రాదు. ఎన్నో కీర్తనలు మాత్రం చివరి చరణం దాకా వచ్చు.

ఆ పాట వాడల్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒంగోలు సంగతి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. తోలు వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య తన మాదిగ బంధువుల మధ్య అప్పటికే బోధ మొదలుపెట్టాడు. చేరేవాళ్లకు మూడు నియమాలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్న మాటల్లా ఉంటాయి కానీ ఊరి కట్టుబాటుకు గట్టిగా తగిలినవి ఇవే. జాతరలో డప్పు కొట్టేది మాదిగ. దేవతల ముందు కొట్టం అంటే ఊరు ఊరుకోదు. బావి మూశారు, పని ఆపారు, కొట్టారు. అయినా జనం వెనక్కి పోలేదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో తిండి లేక, కలరా తగిలి జనం రోడ్ల పక్కనే రాలిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. ఈ అంకె మిషను పుస్తకాల్లో చాలా గర్వంగా కనిపిస్తుంది. నేను చదివినప్పుడల్లా వేరే సంగతి తలుస్తాను. ఆ నీళ్లలోకి దిగినవాళ్లలో ముందటి రెండేళ్లలో బిడ్డనో, తల్లినో, మొగుడినో పోగొట్టుకోనివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? చాలామందికి గుంత తవ్వే ఓపిక కూడా ఉండి ఉండదు. వాళ్లకు ముందుగా కావలసింది, పోయినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉన్నారు, పేరు పెట్టి పిలవబడ్డారు అన్న మాట. పునరుత్థానం గురించి ఎంత గొప్ప ప్రసంగం విన్నా నాకు ఆ గుండ్లకమ్మ జనమే కళ్లముందు ఉంటారు.

మా వైపు ఈ పని మెథడిస్టులు చేశారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890లలో మెదక్ వచ్చాడు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టడం మొదలుపెట్టిన పెద్ద గుడి 1914 నుంచి 1924 దాకా సాగి, ఆ ఏడు డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. వెట్టికి తిరిగిన కాళ్లతో కూలికి పోయాడు. ఆ తేడా ఆయనకు తెలుసు. ఆయన చనిపోయినప్పుడు గంట కొట్టారట. బేగరి చావుకు ఊరు వినేలా గంట మోగడం అదే మొదటిసారి అని నాయనమ్మ చెప్పినప్పుడు ఆమె గొంతు మారిపోయేది. కబురు మోసే మనిషి లేని ఇంటికి గంట కబురు మోసింది.

కొత్త ఆచారం పాతదాన్ని తుడిచేసి రాలేదు. పక్కన కూర్చుని, కొన్నింటిని వదిలించి, కొన్నింటికి కొత్త అర్థం పెట్టింది. నీళ్లు పోయడం ఉంది, కొత్త బట్ట ఉంది. సాక పోయడం పోయింది. డప్పు చాలాకాలం పోయింది. వెట్టి గుర్తు కాబట్టి పెద్దవాళ్లకు అది వినబుద్ధి కాలేదు. దళిత ఉద్యమం తర్వాత పుట్టిన పిల్లలు కొందరు ఇప్పుడు ఊరేగింపులో డప్పు కావాలంటున్నారు. అది మన వాద్యం, మన చావుకు మనం కొట్టుకుంటాం అంటున్నారు. నేను వాళ్ల పక్షమే. మూడోనాడు పిట్టకు పెట్టే చోట మూడో దినం కూడిక వచ్చింది. క్రీస్తు మూడో దినాన లేచాడు కనుక ఆ లెక్క కుదిరింది. పెద్దకర్మ రోజున ఆదరణ కూడిక పెట్టి, వచ్చినవాళ్లకు అన్నం పెడతారు. దినాల లెక్క బంధువుల కాళ్లలో ఉంటుంది. ఆ రోజుకు వాళ్లు ఎలాగూ వస్తారు. వచ్చినవాళ్ల మధ్య దుఃఖాన్ని ఒంటరిగా వదలకపోవడమే అసలు పని.

ఆడవాళ్ల సంగతి మాత్రం నిజంగా మారింది. దీనిమీద కొంచెం ఆగి చెబుతాను. చాలా కులాల్లో ఆడమనిషి కాటిదాకా రాదు, వీధి మలుపులోనే ఆగిపోవాలి. మా సమాధుల తోటలోకి తల్లి వస్తుంది, భార్య వస్తుంది, పిడికెడు మట్టి తన చేత్తో వేస్తుంది. పెట్టె దిగుతుంటే చూడడం ఘోరంగా ఉంటుంది, కానీ చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఇంకా ఘోరమని ఆ కష్టం పడ్డ ఆడవాళ్లే నాతో చెప్పారు. గాజులు పగలగొట్టడం, పదిమంది చూస్తుండగా విధవను చేసి కూర్చోబెట్టడం మా సంఘాల్లో పెద్దలు ఆపించారు. అన్ని ఇళ్లలో పూర్తిగా ఆగలేదు. అత్తవైపు ముసలివాళ్లు పట్టుబడితే ఇప్పటికీ చాటుగా జరుగుతుంది. మా అమ్మ మాత్రం నాయన పోయినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని, "ఆయన తొడిగించిన గాజులు ఆయన తీయమనలేదు" అంది. తర్వాత ఎవరూ దగ్గరికి రాలేదు.

ఏడుపు విషయంలో సంఘం తప్పు చేసిందని నా అభిప్రాయం. మన ఆడవాళ్ల ఏడుపులో పాట ఉంటుంది. పోయినవాడి పేరు, అతను తిన్నది, మిగిల్చిన పని, చేసిన పోట్లాట, అన్నీ వరసపెట్టి పిలుస్తూ శోకం పెడతారు. మిషనరీలకు అది నిరీక్షణ లేనివాళ్ల అరుపుగా వినిపించింది. మన పాస్టర్లు కూడా అదే నేర్చుకున్నారు. విశ్వాసులు ఏడవకూడదని శవం పక్కన నిలబడి గద్దించేవాళ్లను నేను చూశాను. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని యోహాను పదకొండో అధ్యాయంలో ఉంది. కాసేపట్లో లేపబోతున్న మనిషి కోసమే ఆయన ఏడ్చాడు. అలాంటప్పుడు మనల్ని ఆపే అధికారం ఎవరికుంది? నేను పాట ఎత్తేది శోకం దానంతటది తగ్గాకే. మధ్యలో ఎత్తను. ఒక్కోసారి అందుకు చాలాసేపు పడుతుంది. పడనీ.

పుస్తకంలోని మాటలకు వేరే చరిత్ర ఉంది. ఇంగ్లండు సంఘం 1662 ప్రార్థనల పుస్తకం నుంచి భూస్థాపన క్రమం తెలుగు ఆంగ్లికన్ సంఘాలకు వచ్చింది. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఉన్న రోజుల్లోనూ దాని నీడలోనే ఆరాధన సాగింది. ఆయన 1912లో బిషపుగా అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ పాత క్రమం మొదట్లోనే ఒక ఆంక్ష ఉంది. బాప్తిస్మం లేనివాళ్లకు, వెలివేయబడ్డవాళ్లకు, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లకు ఈ క్రమం చదవరాదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, తర్వాత 1963లో తన ఆరాధన పుస్తకం తాను అచ్చు వేసుకుంది.

సాంచెల మీద బతికే ఊళ్లలో ఆ ఆంక్ష ఎంత బరువో చెప్పక్కర్లేదు. సిరిసిల్లలో అప్పులకు కుంగి ఎంతమంది నేతన్నలు పోయారో తెలుగువాళ్లందరికీ తెలుసు. మా వైపు కూడా ఆ దుఃఖం ఎరుగని వీధి లేదు. అలాంటి ఒక ఇంట్లో ఒక పెద్దాయన ప్రార్థన చేయడం చూశాను. యోహాను పద్నాలుగో అధ్యాయం చదివాడు, తండ్రి ఇంట్లో చోటు గురించి. ఎలా పోయాడన్న మాట ఎత్తలేదు, పాపం అన్న మాట ఎత్తలేదు. పిల్లల తలల మీద చెయ్యి పెట్టి పేరుపేరునా పిలిచి ప్రార్థించాడు. బడి ఫీజు సంగతి సంఘం చూసుకుంటుందని అక్కడే చెప్పాడు. ఆ కుటుంబం ఇవాళ నిలబడిందంటే ఆ మధ్యాహ్నానికి అందులో భాగం ఉంది.

ఆదరణ మాటల్లో ఏవి నిలుస్తాయో ఇన్నేళ్లలో కొంత తెలిసింది. "దేవుడికి ఇష్టమైనవాళ్లను ముందు పిలుచుకుంటాడు" అన్న మాట బిడ్డ పోయిన తల్లితో అనకూడదు. "అంతా మంచికే" అని ఎవరితోనూ అనకూడదు. "మీ ఆయన నాకు ఫలానా పండక్కి నూలు అప్పిచ్చాడు, తిరిగి అడగలేదు" అని చెప్పండి. ఆమెకు తెలియని మొగుడు ఆమెకు ఇంకాస్త దొరుకుతాడు. ఇరవైమూడో కీర్తన చదవండి, తొంభయ్యో కీర్తన చదవండి, చదివి ఊరుకోండి. వివరించవద్దు.

షోలాపూర్‌కు మా తాత వచ్చింది మిల్లు పని కోసం. పాత మిల్లు 1877లో పుట్టింది. తర్వాత మరికొన్ని మిల్లులు లేచాయి, తెలంగాణ జిల్లాల నుంచి జనం తరలివచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు, మగ్గం వాళ్ల చేతిలో పని. మాలాంటివాళ్లకు ఆ రోజుల్లో మిల్లులో కూడా గీత గీసి ఉండేది. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవారు కాదు. నాడెలో దారం తెగితే నోటితో పీల్చి లాగాలి, మా నోరు తగిలిన నాడెను మిగతావాళ్లు ముట్టరు. 1928 సమ్మెలో అంబేడ్కర్ దీన్ని బహిరంగంగా ఎత్తిచూపాడు. మరి అదే నేత పని తర్వాత మా నాయన పవర్‌లూమ్ మీద చేశాడు. నీలం నగర్‌లో సాంచె పక్కన సాంచెగా పద్మశాలీలతో కలిసి పనిచేశాడు. ఆయన పోయిన రోజు మా సందులో కార్ఖానాలన్నీ బంద్ చేశారు. ఎప్పుడూ వినబడే ఆ టకటక ఆగిపోతే మా చిన్నది భయపడింది. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ఎదురింటివాళ్లు కడక్ రొట్టెలు, పల్లీల చట్నీ పంపారు.

పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడు. నారళీ పున్నానికి ఆయన రథం ఊరంతా తిరుగుతుంది, మేమూ వాకిట్లో నిలబడి చూస్తాం. యముడి పాశం మెడలో పడ్డా శివలింగాన్ని వదలని పిల్లవాడి కథ అది. నాయన పోయినప్పుడు ఎదురింటి మామ వచ్చి, "మా మార్కండేయుడు సావును గెలిచిండు, మీ యేసు గూడ గెలిచిండు. మరి నువ్వెందుకు గింత భయపడతవు బిడ్డా?" అన్నాడు. ఏ పాస్టరు మాటా ఆ రోజు నాకు అంత ఊరట ఇవ్వలేదు.

ఇటువంటి రాకపోకలు తెలుగులో కొత్త కాదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా రాసిన 'శ్మశానవాటి' పద్యాలను హరిశ్చంద్ర నాటకం వేసేవాళ్లు కాటి సీనులో పెట్టుకుని పాడారు. ఊరి బయట పుట్టిన క్రైస్తవ కవి పద్యాలను కాటికాపరి వేషంలోని రాజు నోట తెలుగు పల్లెలన్నీ రాత్రంతా మేలుకుని విన్నాయి. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని శ్మశానంలో పెద్దల సమాధుల దగ్గర చేసుకుంటాయి. మా వాళ్లు ఈస్టరు తెల్లవారుజామున అదే పని చేస్తారు. ముందురోజు గడ్డి చెక్కి, సున్నం వేసి, పొద్దు పొడవకముందే కొవ్వొత్తులు పెట్టి పాడతారు. పండుగలు వేరైనా తోటలోకి నడిచే కాళ్లకు కారణం ఒకటే.

అయితే ఆ తోటకు చోటు కావాలి. పల్లెల్లో మావాళ్లకు దక్కింది చెరువు శిఖమో, వాగు పక్క పనికిరాని నేలో. దానికీ కాగితం ఉండదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాలకు, మాదిగకు షెడ్యూల్డు కులం హోదా లేదు. అందుకే ఎంతోమంది బతికినంతకాలం కాగితం మీద హిందువులుగా ఉండి, చచ్చాక సిలువ కింద పడుకుంటారు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. బిడ్డ చదువు కోసం తల్లి చేసుకున్న ఆ ఏర్పాటును మోసం అనడానికి నాకు నోరు రాదు. 2025 జనవరిలో మన పొరుగున బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోతే, సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. దాదాపు మూడు వారాలు శవం మార్చురీలో ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఆ వార్త చదివిన రోజు మా నాయనమ్మ లేకపోవడమే మంచిదైందనిపించింది.

నీలం నగర్‌లో ఇప్పుడు నాకున్న పని వేరే. పిల్లలంతా మరాఠీ బడిలోనే చదివారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 1813లో బొంబాయిలో దిగిన అమెరికన్ మిషను 1860లలో షోలాపూర్ చేరింది కాబట్టి ఇక్కడి పాత సంఘాలన్నీ మరాఠీవే. నారాయణ వామన్ తిలక్ రాసిన మరాఠీ పాటలు చాలా గొప్పవి, మా పిల్లలకు అవి బాగా వచ్చు. సమాధి దగ్గర అవి కూడా పాడతాం. కానీ తెలుగులో బతికి తెలుగులో పోయిన ముసలమ్మ చుట్టూ రాత్రంతా కూర్చోవాలంటే ఆమె పాటలే కావాలి. ఫోనులో పాట పెట్టి స్పీకరు తగిలించేస్తున్నారు. భివండిలో, దుబాయిలో ఉన్న బంధువులు వీడియోలో చూస్తున్నారు. చూడనివ్వండి, రాలేనివాళ్లు ఏం చేస్తారు. కానీ స్పీకరు పాడితే ఇంట్లోవాళ్ల నోళ్లు మూతపడతాయి. అది నాకు ఇష్టం లేదు.

అందుకని కీర్తనలను నాగరి అక్షరాల్లో రాస్తున్నాను. నాగరిలో మన పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. పిల్లలు సాగదీసి పాడుతుంటే ముసలివాళ్లు వెంటనే పట్టుకుని సరిచేస్తారు. వాటికి పైన చిన్న గుర్తు పెట్టే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. శనివారం సాయంత్రం సాంచెలు ఆగాక మా ఇంట్లో నేర్పుతాను. ఎదురింటి మామ మనవడు డోలక్ వాయిస్తాడు. పాత కీర్తనల పుస్తకం, రాగం తాళం అచ్చయి ఉన్నది, ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే తెచ్చివ్వండి. మా దగ్గరున్న దాంట్లో చివరి పేజీలు చిరిగిపోయాయి. భూస్థాపన పాటలు ఉన్నది ఆ పేజీల్లోనే.